డగ్లస్ ఆత్మకథలో బాధకు కారణం దొరనా, దొరతనమా?

ప్రశ్న (దేవరకొండ, ఎంఏ ఇంగ్లిష్):
అమెరికాలో బానిసగా పుట్టి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో అచ్చేసిన ఆత్మకథ మీద సెమినార్ పేపర్ రాస్తున్న. బానిసల బాధకు కారణం యజమానుల క్రూరత్వమని రాస్తే, "మంచి యజమాని దొరికితే బాధ పోతదా?" అని మా సార్ అడిగిండు. ఆ బాధకు అర్థం ఏందని రాయాలె? మన వెట్టితోని పోల్చొచ్చా? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

జవాబు 1:
తమ్ముడూ, మీ సార్ అడిగినదానికి జవాబు ఆరు, ఏడు అధ్యాయాల్లోనే ఉంది. డగ్లస్ యజమానురాలు సోఫియా ఆల్డ్ పెళ్లికి ముందు నేతపని చేసుకుని బతికిన మనిషి. అంతకుముందు ఆమె చేతికింద బానిస లేడు. పిల్లవాడైన డగ్లస్‌కు అక్షరాలు నేర్పింది కూడా. చదువొస్తే బానిసగా పనికిరాడని భర్త ఆపాడు. ఆ తర్వాత ఆ పిల్లవాడి చేతిలో పత్రిక కనబడితే కోపంతో లాక్కునేదాకా వచ్చింది. క్రూరురాలు కాబట్టి యజమానురాలు కాలేదు, యజమానురాలైనందుకే క్రూరురాలైంది. మీ పేపర్ ఇక్కడ మొదలుపెట్టండి, కొరడా దెబ్బల దగ్గర కాదు.

తిండి లెక్క కూడా వదలొద్దు. పెద్దవాళ్లకు నెలకు 8 పౌండ్ల పంది మాంసం లేదా అంత విలువ చేసే చేపలు, ఒక బుషెల్ (అక్కడి ధాన్యం కొలత) మక్కపిండి. పొలం పనికి అక్కరకు రాని పిల్లలకు ఏడాదికి రెండు ముతక అంగీలు, అంతే. అవి చినిగితే మళ్లీ ఇచ్చే రోజుదాకా బరిబాతల ఉండాల్సిందే. ఇది ఒకరి కోపం కాదు, ఖర్చు మిగిల్చుకునే లెక్క.

జవాబు 2:
అర్థం గురించి చాలామంది చేసే తప్పు ఒకటుంది. "బాధే ఆయనను గొప్పవాణ్ని చేసింది" అని రాసేస్తారు. పదో అధ్యాయం నిదానంగా చదవండి. మొండి బానిసలను లొంగదీస్తాడని పేరున్న రైతు కోవీ దగ్గర దెబ్బలు, చాకిరీ ఆయనను శరీరంలోనూ మనసులోనూ విరగ్గొట్టాయి, చదవాలన్న కోరిక కూడా చచ్చిపోయింది. లేపి నిలబెట్టింది దాదాపు రెండు గంటలు కోవీకి ఎదురుతిరిగి పెనుగులాడడం. మనం అలవాటుగా అనే నొసటిరాతకు అక్కడ తావు లేదు.

ఐదో అధ్యాయంలో ఇంకో మాట: చలికి తన పాదాలు ఎంత పగిలాయంటే, ఇప్పుడు రాస్తున్న కలం ఆ పగుళ్లలో పడుతుందని అంటాడు. గాయం, దాన్ని రాసే కలం ఒకే వాక్యంలో ఉన్నాయి. అర్థం గురించి రాయాల్సింది అక్కడే.

ఆడవాళ్ల బాధకు ఈ ఒక్క పుస్తకం చాలదు. బానిసత్వం నుంచి తప్పించుకున్న హారియెట్ జేకబ్స్ రాసిన 1861 పుస్తకం కలుపుకోండి. 9 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, ఎత్తున్న చోట కూడా 3 అడుగులే ఉన్న అటకలో దాదాపు ఏడేళ్లు దాక్కుంది.

జవాబు 3:
వెట్టితో పోల్చొచ్చు తమ్మీ, కానీ రెండూ ఒకటేనని రాయకు. అమెరికాలో మనిషే ఆస్తి. తల్లి బానిసైతే బిడ్డా బానిసే, అదీ చట్టం. మన దగ్గర వెట్టి కులాన్ని బట్టి పడేది, భాగేలాను, అంటే అప్పు కింద దొర దగ్గర పనిచేసేటోణ్ని, అప్పు కట్టేసేది. అయితే ఇక్కడ మనుషుల్ని ఇచ్చిపుచ్చుకోలేదని కూడా గట్టిగా అనలేం. దొర బిడ్డ పెండ్లయితే ఆమె వెంట ఆడబాపలను, అంటే దొర ఇంట్లో చాకిరీ చేసే ఆడోళ్లను, అత్తగారింటికి పంపేటోళ్లు.

పాలమూరు వలస కూలీల సంగతి తేవాలంటే పదకొండో అధ్యాయంతో పోల్చు. ఓడల పనిలో డగ్లస్ వారానికి సంపాదించిందంతా యజమాని చేతిలో పెట్టాలె. ఆరు డాలర్లు తెచ్చిన వారం, ఉత్సాహపరచడానికని ఒక్కోసారి ఆరు సెంట్లు తిరిగిచ్చేవాడు. ఆ కూలి మొత్తం డగ్లస్‌దేనని యజమాని ఒప్పుకున్నట్టేనని ఆయనకు తోచింది ఆ ఆరు సెంట్లు చూసే.