గర్భంలో షుగర్ వస్తే బిడ్డ వినికిడికి ముప్పా? అలాంటి పిల్లలందరికీ ప్రత్యేక పరీక్ష అవసరమా?

కొత్తమ్మ:
నాకు ఏడో నెలలో షుగర్ బయటపడింది. తిండి జాగ్రత్త, నడకతోనే అదుపులో ఉంది, ఇన్సులిన్ దాకా పోలేదు. సిజేరియన్ అయిన మర్నాడే పాపకి వినికిడి పరీక్ష చేసి ఒక చెవికి 'రిఫర్' అన్నారు. అప్పట్నుంచి ఇంట్లో ప్రతి ఒక్కరూ నీ షుగర్ వల్లే అంటున్నారు. నిజమేనా? అయితే షుగర్ ఉన్న తల్లుల పిల్లలందరినీ రిస్క్ జాబితాలో ఎందుకు పెట్టరు?

చెవిబాబాయ్:
రిఫర్ అంటే చెవుడు అని కాదమ్మా, మళ్లీ చూడాలి అని, అంతే. మీరు చెప్పేది ఓఏఈ పరీక్ష అయుంటుంది. చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి శబ్దం పంపితే లోపలి చెవి కణాలు సన్నటి శబ్దం తిరిగి పంపుతాయి, మిషన్ దాన్ని పట్టుకుంటుంది. పుట్టిన ఒకటి రెండు రోజుల్లో చెవి దారిలో ఉమ్మనీరు, ఒంటిమీది తెల్లటి పూత ఉండిపోతే ఆ శబ్దం బయటికి రాదు. సిజేరియన్ పిల్లల్లో తొలి పరీక్షలో రిఫర్లు ఎక్కువ, షుగర్ ఉన్న తల్లులకు సిజేరియన్లూ ఎక్కువే. ఈ రెండూ కలిపి చూడకుండా నింద షుగర్ మీద వేసేస్తే ఎలా? పుట్టుకతో శాశ్వత వినికిడి లోపం ఉండేది వెయ్యి మందిలో 1 నుంచి 3 మందికే.

లెక్కలమాస్టారు:
బాబాయ్, అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. ఏబీఆర్ పరీక్షలో, అంటే శబ్దం చెవి నుంచి నరం మీదుగా మెదడు కాండానికి ఎంత వేగంగా చేరుతుందో కొలిచే దాంట్లో, షుగర్ ఉన్న తల్లుల పిల్లలకు తరంగాలు ఆలస్యంగా వచ్చాయని చూపిన అధ్యయనాలు ఉన్నాయి. చిన్నవే, ఒప్పుకుంటా. కానీ పసిపిల్లకి నొప్పిలేని పరీక్ష ఇంకొకటి చేస్తే పోయేదేముంది? లోపం పట్టుకోకుండా వదిలేస్తే పోయేది బిడ్డకి రావాల్సిన మాట.

నైట్‌డ్యూటీ:
మీరిద్దరూ రెండు రకాల షుగర్లని ఒకే గాటన కట్టేస్తున్నారు. లోపలి చెవి నాలుగో వారంలో మొదలై పదో వారానికల్లా నత్తగుల్ల ఆకారం తెచ్చుకుంటుంది. గర్భంలో వచ్చే షుగర్‌ని సాధారణంగా 24 నుంచి 28 వారాల మధ్య, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి కనిపెడతారు, అప్పటికి చెవి కట్టడం ఎప్పుడో అయిపోయింది. గర్భానికి ముందునుంచీ షుగర్ ఉండి మొదటి వారాల్లో అదుపు తప్పితే అది వేరే కథ: గుండె, వెన్ను, ఒక్కోసారి బయటి చెవి కూడా సరిగ్గా ఏర్పడకపోవచ్చు. చిక్కేంటంటే పాత షుగర్ కూడా గర్భంలోనే మొదటిసారి బయటపడి, కొత్తదే అనుకుని రాసేస్తుంటారు. మొదటి నెలల్లోనే హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, 6.5 శాతం గానీ ఆపైన గానీ ఉంటే అది పాతదే అనుకోవాలి.

ఇక షుగర్ తల్లుల పిల్లలు కొందరు చేరాల్సొచ్చే ఐసీయూ సంగతి. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టినప్పుడు ఊపిరి అందకపోవడం, రక్తం మార్చాల్సినంత కామెర్లు, 5 రోజులు దాటి జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు, ఇవీ చెవికి అసలు శత్రువులు. షుగర్ బిడ్డని ఐసీయూ దాకా తెస్తుంది, చెవికి దెబ్బ తగిలితే ఎక్కువగా అక్కడ జరిగే వాటివల్ల. శిశు వినికిడిపై అమెరికాలోని జాయింట్ కమిటీ 2019లో ఇచ్చిన రిస్క్ జాబితాలో వీటిలో చాలావరకు ఉన్నాయి, తల్లి షుగర్ విడిగా లేదు.

లెక్కలమాస్టారు:
జాబితాలో లేకపోతే నిజం కాకుండా పోతుందా అండీ? కణాలకి శక్తినిచ్చే భాగమైన మైటోకాండ్రియాలో తల్లి నుంచి పిల్లలకి వచ్చే జన్యుమార్పు ఒకటుంది, దాని డీఎన్‌ఏలో 3243వ స్థానం దగ్గర. షుగర్‌నీ చెవుడునీ రెండింటినీ తెస్తుంది. అలాంటి తల్లికి షుగర్ మొదట గర్భంలో పట్టుబడొచ్చు.

చెవిబాబాయ్:
మంచి మాట మాస్టారూ, కానీ అందులో వినికిడి తగ్గడం సాధారణంగా పెద్దయ్యాకే, పుట్టిన బిడ్డ పరీక్షలో దొరకదు. దానికి అడగాల్సింది వేరు: తల్లికి, అమ్మమ్మకి, మేనమామలకి చిన్న వయసులోనే షుగరూ చెవుడూ ఉన్నాయా అని. మీ జాబితా విషయానికొస్తే, ప్రపంచంలో దాదాపు ఐదు కాన్పుల్లో ఒకదాంట్లో తల్లికి షుగర్ ఎక్కువ ఉంటుందని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య అంచనా. అంతమందికి రిస్క్ అని ముద్ర వేస్తే, నిజంగా వెంటపడి చూడాల్సిన బిడ్డ ఆ గుంపులో తప్పిపోతుంది. ఉన్న మనుషులు, మిషన్లు ఎన్నని? నా దృష్టిలో పుట్టిన ప్రతి బిడ్డకీ పరీక్ష చేయాలి, ఐసీయూలో 5 రోజులు దాటినవాళ్లకి తప్పనిసరిగా ఏబీఆర్ చేయాలి. ఎందుకంటే కామెర్లు ముదిరి నరం దెబ్బతిన్న బిడ్డ ఓఏఈలో చక్కగా పాస్ అయిపోవచ్చు.

లెక్కలమాస్టారు:
ప్రతి బిడ్డకీ చేస్తే నాకు పేచీ లేదు. చేయని చోట్ల ఎవరిని ముందు చూడాలి అన్నదే నా ప్రశ్న, అక్కడ షుగర్ తల్లి బిడ్డని పక్కన పెట్టొద్దంటాను.

కొత్తమ్మ:
మా పాప ఐసీయూలో లేదు, నెలలు నిండే పుట్టింది. కామెర్లకి మాత్రం లైటు కింద పెట్టారు.

నైట్‌డ్యూటీ:
లైటు కింద పెట్టినంత మాత్రాన టెన్షన్ పడక్కర్లేదు. రెండో పరీక్ష నెల లోపు అయిపోవాలి, ఒక చెవికే రిఫర్ వచ్చినా రెండు చెవులూ చూడమనండి. అందులోనూ రిఫర్ వస్తే మూడో నెలకల్లా పూర్తి పరీక్ష, లోపం ఉందని తేలితే ఆరో నెలకల్లా వినికిడి సాయం మొదలవ్వాలి. ఇంకోటి, దీన్ని చాలామంది మర్చిపోతారు: బిడ్డకి చెవుడు తేగల సీఎంవీ అనే వైరస్ గర్భంలోనే సోకిందా అని తెలియాలంటే బిడ్డ లాలాజలమో మూత్రమో పుట్టిన 21 రోజుల లోపే తీసుకోవాలి, ఆ తర్వాత తీస్తే ఎప్పుడు సోకిందో చెప్పలేం. పాపకి ఇప్పుడు ఎన్ని రోజులు?