సమస్య: తప్పు మాటయె కవితకుఁ దగిన మాట

ఈ వారం సమస్య (పూరించడానికి ఇచ్చిన పాదం) తేటగీతి అనే పద్యరూపంలోని పాదం:

తప్పు మాటయె కవితకుఁ దగిన మాట

గణాలు (గురు లఘువుల గుంపులు, పేర్లు బ్రాకెట్లలో): తప్పు (హ) – మాటయె (భ) – కవితకుఁ (నల) – దగిన (న) – మాట (హ). యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) త–ద. దీన్ని నాలుగో పాదంగా ఉంచి మూడు పాదాలు కట్టండి, అదే పూరణ. రెండు జాగ్రత్తలు. మూడో పాదం చివర ద్రుతప్రకృతికం (చివర నకారం చేరే మాట) పడితే "తప్పు" కాస్తా "దప్పు" అవుతుంది, ఇచ్చిన పాదం మారిపోతుంది. కళతో (అలా నకారం చేరని మాటతో) ముగించండి. రెండోది "మాటయె"లోని ఏవకారం. తప్పు మాట కూడా పనికొస్తుందంటే చాలదు, అదే తగినదని పూరణ ఒప్పించాలి.

పూరణ 1

గంగలో నున్నదా పల్లె? గట్టుమీఁదఁ
గలదు, గంగలో ననినంతఁ గలుగు మదికి
శైత్య పావనత్వంబుల జాడ, వినుఁడు!
తప్పు మాటయె కవితకుఁ దగిన మాట.

సమీక్ష: ఆర్యా, సమస్యకు అసలైన ఆధారాన్నే పట్టుకున్నారు. "గంగాయాం ఘోషః" (గంగలో పల్లె) అన్నది ఆలంకారికులందరూ, అంటే కావ్యశాస్త్రం రాసినవాళ్ళందరూ, చెప్పే ఉదాహరణ. ప్రవాహంలో పల్లె ఉండదు, కాబట్టి ముఖ్యార్థానికి (మాట నేరు అర్థానికి) బాధ. ప్రవాహానికీ గట్టుకూ సామీప్యం ఉంది, కాబట్టి సంబంధం. "గంగ గట్టున" అంటే రాని చల్లదనం, పవిత్రత "గంగలో" అంటే వస్తాయి, అదే ప్రయోజనం. ఆలంకారికుడు మమ్మటుడు లక్షణకు (నేరు అర్థం కుదరక దానికి సంబంధించిన అర్థం తీసుకోవడానికి) చెప్పిన మూడు షరతులూ మూడు పాదాల్లో అమిరాయి. శై–జా యతి కూడా సరిగ్గా ఉంది (ఐకారానికి ఆకారం చెల్లుతుంది, శకారానికి జకారం చెల్లుతుంది).

లోపం "వినుఁడు" దగ్గర. అది గణం నింపడానికి వచ్చిన మాట, తీసేస్తే పద్యం ఏమీ పోగొట్టుకోదు. అక్కడ "యిట్టి" వేసి చూడండి:

శైత్య పావనత్వంబుల జాడ, యిట్టి
తప్పు మాటయె కవితకుఁ దగిన మాట.

నగణం పోయి హగణం వచ్చింది, రెండూ అక్కడ పట్టే చిన్న గణాలు, సూర్యగణాలే. పైగా "ఇట్టి తప్పు" అనడంతో ఏ తప్పైనా చెల్లుతుందన్న అతివ్యాప్తి తొలగింది. రెండక్షరాల మార్పుతో వాదమే బిగిసింది.

పూరణ 2

దివ్వె కొండెక్కె ననుచుంద్రు దీప మాఱ;
నిండుకొనె నండ్రు బియ్యము నిలువకున్న;
వెడలువేళను వత్తునే వీడుకోలు;
తప్పు మాటయె కవితకుఁ దగిన మాట.

సమీక్ష: ఎంత మంచి ఊహ! ఆరిపోవడాన్ని కొండెక్కడమని, అయిపోవడాన్ని నిండుకోవడమని, వెళ్ళడాన్ని రావడమని అనడం మన నోళ్ళలో నిత్యం నలిగేదే. అమంగళాన్ని అశ్లీలదోషంలో ఒక రకంగా లెక్కగట్టారు ఆలంకారికులు. ఆ దోషాన్ని ఇంటి మాటే ఎంత సున్నితంగా తప్పించుకుంటుందో మూడు పాదాలూ చూపించాయి.

అయితే ఇవన్నీ రూఢి లక్షణలు (వాడుకలో స్థిరపడిపోయినవి). "నిండుకుంది" అన్నప్పుడు నిండు కుండ ఎవరి కంటికీ కనబడదు, మాట నలిగి నలిగి నేరుగా లేమినే చెబుతోంది. పూరణ 1లోది ప్రయోజన లక్షణ (ఒక భావం స్ఫురించాలని కావాలని వాడింది), అక్కడ తప్పు ఇంకా తప్పుగానే వినబడుతుంది కాబట్టే స్ఫురణ పుడుతోంది. రెండో చిక్కు: మూడు పాదాలూ లోకవ్యవహారానివే అయ్యేసరికి "కవితకు" గాలిలో ఉండిపోయింది. మూడో ఉదాహరణ వదులుకుని అక్కడ వంతెన వేయాలి:

పలుకుబడి నేర్పు పాఠమే పద్యవిద్య

ప్రశ్న: "వత్తునే వీడుకోలు" పాదాన్ని వదలాలంటే మనసొప్పడం లేదు. మొదటిది తీసేస్తే?

సమీక్ష: తప్పకుండా. అప్పుడు "నిండుకొనె" మొదటి పాదం, "వెడలువేళను" రెండోది, వంతెన మూడోది. తేటగీతికి ప్రాసనియమం (అన్ని పాదాల్లో రెండో అక్షరం ఒకటే కావాలన్నది) లేదు కాబట్టి పాదాలు అటూ ఇటూ మార్చుకోవచ్చు. "దివ్వె", "దీపము" అని ఒకే వస్తువును రెండుసార్లు చెప్పిన పాదం పోవడమూ మేలే.

పూరణ 3

అర్థ మెంచఁగఁ గోశాన నమరియుండు;
నాద మెంచఁగన్ శ్రవణమే న్యాయమూర్తి;
రెంటి నడుమను గీచిన రేఖ హద్దు
తప్పు మాటయె కవితకుఁ దగిన మాట.

సమీక్ష: అందరూ "తప్పు"ను నామంగా తీసుకుంటే మీరు క్రియ చేశారు: హద్దు తప్పు మాట. సమస్యలో ఒక్క అక్షరం కదలకుండా అర్థం మొత్తం తిరిగింది. సమస్యాపూరణంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మలుపు ఇదే. "ఎంచఁగన్ శ్రవణమే" అని ద్రుతాన్ని (చివరి నకారాన్ని) పొల్లుగా నిలపడం కూడా తెలిసి చేసిన పని. "ఎంచఁగ శ్రవణమే" అనుంటే సంయుక్తాక్షరం "శ్ర" ముందు "గ" లఘువా గురువా అన్న పేచీ వచ్చేది.

"రేఖ హద్దు"లో రెండు మాటలదీ ఒకే పని. రె–రే యతి కోసం "రేఖ" వచ్చింది, గణం కోసం "హద్దు" వచ్చింది. యతికి బదులు రెండో అక్షరాలను కలిపే ప్రాసయతి వాడితే ఈ ఇరుకు తీరుతుంది:

రెండు దిక్కుల నడుమను నుండు హద్దు

రెండు–నుండు, రెండో అక్షరం ఒకటే, ముందున్నవి రెండూ గురువులే. తేటగీతిలో ఇది చెల్లుతుంది.

ప్రశ్న: హద్దు ఎంతవరకు తప్పవచ్చు? ధ్వని కోసమని ఏ మాటైనా వేసెయ్యవచ్చా?

సమీక్ష: వేయకూడదు. మాటకు ఆ అర్థమే లేకపోతే అవాచకం. రూఢీ ప్రయోజనమూ లేకుండా లక్షణను లాక్కొస్తే నేయార్థం. రెండూ పేరుపెట్టి చెప్పిన దోషాలు. పరీక్ష సులువే. పద్యాన్ని వివరణ లేకుండా ఒకరికి చదివి వినిపించండి. వాళ్ళకు మాట వింతగా తోచి, మరుక్షణంలో అందితే అది లక్షణ. మీరు నోరు విప్పితేనే అందితే నేయార్థం.

పూరణ 4

యతికిఁ దెచ్చిన మాటకు నర్థ మేది?
ప్రాసకై పడు పలుకులోఁ బ్రాణ మేది?
యెట్టు లందురు మీర లీ యెఱుక లేక
"తప్పు మాటయె కవితకుఁ దగిన మాట"?

సమీక్ష: సమస్యను ఎదుటివాడి నోట పెట్టి ఖండించే పాత పద్ధతి. నిర్దుష్టంగా ఉంది. ప్రాణ–ప్రాస యతి, "పలుకులోఁ"లో దీర్ఘం వల్ల సంయుక్తం ముందు తగాదా లేకపోవడం, అన్నీ బాగున్నాయి. అభ్యంతరం కూడా న్యాయమైనదే. యతికి లొంగి పడ్డ మాట వేరు, స్ఫురణ కోసం ఏరి తెచ్చిన మాట వేరు. పైకి రెండూ తప్పుగానే కనబడతాయి.

ఆ తేడా రాసేటప్పుడే తెలియాలంటే పర్యాయపదాలను గణాలతో సహా పక్కన రాసుకోండి. వానే తీసుకుందాం. వాన, జల్లు (హ), చినుకు, ముసురు (న), వర్షము, తుంపర (భ), జడివాన (సల). సూర్యగణం కావలసిన చోట మొదటి నాలుగే పడతాయి, ఇంద్రగణం (పెద్ద గణం) చోట మిగతావి. ముసురు గురించి రాస్తూ "వర్షము" వేశారంటే గణం మిమ్మల్ని ఎంచుకుందన్నమాట. అప్పుడు మాట మార్చకండి, వాక్యం తిప్పి "ముసురు"కు చోటివ్వండి.

పూరణ 5

చినుకు చినుకున నందెలు చిందు లాడ,
ఝంఝ గుసగుస లాడెను జాలువార;
వాన యనకుండ వానయే వచ్చె మదికి;
తప్పు మాటయె కవితకుఁ దగిన మాట.

సమీక్ష: అయిదింటిలోనూ ఇదొక్కటే సమస్యను చర్చించకుండా చేసి చూపింది. చినుకుకు అందెలు లేవు. అయినా "చినుకు చినుకున నందెలు" అనేసరికి చెవిలో మోగుతాయి. ఇకార ఉకారాలతో పొట్టిగా నడిచిన "చినుకు చినుకున" తర్వాత "నం", "చిం" అని అనునాసికం మీద ఊనిక పడటమే ఆ మోత. మాధుర్యమనే కావ్యగుణానికి మమ్మటుడు చెప్పిన వర్ణాల్లో వర్గాంత్యానునాసికం (ఙ, ఞ, న, మ వంటిది) తల మీద ఉన్న స్పర్శాక్షరాలు (క నుంచి మ దాకా ఉన్న హల్లులు) ముందుంటాయి. "అందె", "చిందు" రెండూ ఆ కోవవే.

ఇక దెబ్బతిన్న చోట్లు. "ఝంఝ" వానతో కలిసి వీచే పెనుగాలి, అది గుసగుసలాడదు. ఇక్కడి తప్పు వల్ల ఏమీ స్ఫురించడం లేదు. ఝకారాల మోత ముచ్చటగా ఉన్నా చినుకుల చప్పుడును అణిచేస్తోంది కూడా. రెండోది, "మదికి" ద్రుతాంతం. ముందే చెప్పుకున్నట్టు "దప్పు" అయిపోతుంది. మూడోది, "చిందులాడ", "గుసగుసలాడెను" అని ఒకే క్రియ వరస పాదాల్లో వచ్చింది.

పూరణకర్త: "ఝంఝ" తీస్తే జా–తో యతి పోతుంది కదండీ. "జాలువార" నాకు కావాలి.

సమీక్ష: "జాలువార" అందమైన మాటే, కాదనను. కానీ గాలి జాలువారదు, జాలువారేది నీరు. దాన్ని పట్టుకు వేలాడినంతసేపూ "ఝంఝ" పోదు. రెండూ వదిలి గకారం మీదికి రండి.

పూరణకర్త, సవరించి:

చినుకు చినుకున నందెలు చిందు వేయ,
గాలి గుసగుస లాడెను గడపచెంత;
వాన యనకుండ వానయే వచ్చె నెదురు;
తప్పు మాటయె కవితకుఁ దగిన మాట.

సమీక్ష: "వచ్చె నెదురు" చాలా బాగుంది. కళాంతం కావడమే కాదు, మదికి తోచడం కన్నా ఎదురుగా వచ్చి నిలబడటం బలమైన మాట. గాలి, గుసగుస, గడప అని గకారం మూడుచోట్ల మెత్తగా తగులుతోంది. "వాన యనకుండ" అంటూనే వానను పేరుపెట్టి పిలిచారని ఎవరైనా అడగవచ్చు. మొదటిది మాట, రెండోది వస్తువు. మార్చకండి.