ఐటీ ఖర్చు డిపార్ట్‌మెంట్ల మీద ఏ లెక్కన వేస్తున్నారు?

కూకట్‌పల్లి_ఐటీ:
మాది డిస్ట్రిబ్యూషన్ కంపెనీ, హైదరాబాద్‌లో హెడ్డాఫీసు, విజయవాడలో బ్రాంచి. ఇన్నాళ్లూ సర్వర్లు, ఇంటర్నెట్, మెయిల్ లైసెన్సులు, హెల్ప్‌డెస్క్ అన్నీ ఐటీ బడ్జెట్లోనే పడేవి, ఇప్పుడు ఫైనాన్స్ వాళ్ళు ఏప్రిల్ నుంచి ఎవరి వాటా వాళ్ళకి వేసేయమంటున్నారు. తలకింత అని పంచుదామంటే గోడౌన్ వాళ్ళు గొడవ, ఇంతమందికీ కలిపి రెండు కంప్యూటర్లు, మాకెందుకయ్యా అంత అని. వాళ్ళ మాటా నిజమే. మీ దగ్గరెలా?

క్లౌడ్‌మామ:
లైసెన్సులు, లాప్‌టాప్‌లు యూజర్ లెక్కన వేయండి, ఎవరి పేరు మీదుందో లిస్టులోనే ఉంటుంది కాబట్టి పేచీ రాదు. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) అయితే సర్వర్లకి డిపార్ట్‌మెంట్ ట్యాగ్ పెట్టి, బిల్లింగ్‌లో దాన్ని యాక్టివేట్ కూడా చేయాలి, ఊరికే పెడితే ఖర్చు రిపోర్టులో రాదు. ఫైర్‌వాల్, బ్యాకప్ లాంటివి ఎవరి నెత్తిన వేసినా వాళ్ళేం తగ్గించుకోలేరు, అవి ఐటీ దగ్గరే ఉంచుకోండి.

హెల్ప్‌డెస్క్_బాధితుడు:
టికెట్‌కింత అని మాత్రం పెట్టకండి బాబూ. మా దగ్గర పెట్టారు, టికెట్లు తగ్గాయని మేనేజర్ సంబరపడ్డాడు, జనమేమో ప్రింటర్ పనిచేయట్లేదని డైరెక్టుగా మా కుర్రాడి సీటు దగ్గరికే వచ్చి నిలబడేవాళ్ళు, పాస్‌వర్డ్ రీసెట్ కూడా వాట్సాప్‌లోనే. ముందు కొన్నాళ్ళు ఉత్త బిల్లు చూపించండి, డబ్బు కట్ చేయొద్దు, దీన్నే షోబ్యాక్ అంటారు.

లెడ్జర్‌బాబు:
విజయవాడది 37తో మొదలయ్యే వేరే జీఎస్టీ నంబరు కదా, అయితే ఇది ఉత్త బుక్ ఎంట్రీ కాదు. చట్టం లెక్కలో హెడ్డాఫీసు, బ్రాంచి వేర్వేరు వ్యక్తులు, డబ్బు తీసుకోకపోయినా సప్లై (జీఎస్టీ పడే సరఫరా) కిందికే వస్తుంది. బ్రాంచికి ఫుల్ ఐటీసీ (ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్, అంటే కొనుగోళ్ళ మీద కట్టిన జీఎస్టీని కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) వస్తుంటే కంగారు లేదు, 2023 జులై 17 నాటి 199వ సర్క్యులర్ ప్రకారం మీ సొంత టీమ్ చేసే పనికి ఇన్వాయిస్‌లో ఎంత వేస్తే అదే విలువ, వేయకపోతే సున్నా అనుకోవచ్చు. బయటి వెండర్ రెండు చోట్లకీ కలిపి హెడ్డాఫీసుకి వేసే బిల్లు వేరే కథ, 2025 ఏప్రిల్ 1 నుంచి ఐఎస్‌డీ (ఇన్‌పుట్ సర్వీస్ డిస్ట్రిబ్యూటర్) రిజిస్ట్రేషన్ తీసుకుని ఆ బిల్లు మీది క్రెడిట్ బ్రాంచికీ పంచాల్సిందే. హైదరాబాద్‌లో ఒకే నంబరు కింద ఉన్న డిపార్ట్‌మెంట్లకి ఈ గోలేం లేదు, జర్నల్ ఎంట్రీ చాలు.

కూకట్‌పల్లి_ఐటీ:
థాంక్సండీ, ఐటీసీ ఫుల్‌గానే వస్తుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఖర్చు ఇన్వాయిస్‌ల సంఖ్యతో పంచొచ్చా?

క్లౌడ్‌మామ:
పంచొచ్చు, కానీ ఇన్వాయిస్‌కి ఇంత అని రేటు ఏడాది మొదట్లోనే చెప్పేయండి. నెలనెలా అసలు ఖర్చుని సంఖ్యతో భాగిస్తే సేల్స్ పడిపోయిన నెలలోనే రేటు పెరుగుతుంది, అప్పుడు గోడౌన్ వాళ్ళతో పాటు సేల్స్ వాళ్ళూ వచ్చి మీ మీద పడతారు.