అప్‌డేట్: కూరగాయల ట్రే కింద నీళ్ల సమస్య తీరింది

డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో కూరగాయల ట్రే కింద రోజూ నీళ్లు నిలుస్తున్నాయని అడిగాను కదా. గ్యాస్ లీకూ కాదు, డోర్ రబ్బరూ కాదు. కరిగిన మంచు నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ రంధ్రం మూసుకుపోయింది. ఫ్రీజర్ అడుగున పలకలా మంచు పేరుకుందంటే ముందు అనుమానించాల్సింది దాన్నే.

ప్లగ్ తీసి ఫ్రీజర్ ఖాళీ చేసి, దాని లోపల వెనక వైపు ప్యానెల్ స్క్రూలు విప్పాను. ప్యానెల్ గట్టిగా లాగొద్దు, ఫ్యాన్ వైరు దానికే ఉంటుంది. ప్యానెల్ వెనక చల్లబరిచే గొట్టాల కాయిల్, దాని కింద కాలువలాంటి తొట్టి, దాని మధ్యలో రంధ్రం, అందులో బిరడాలా మంచు. 50 ఎంఎల్ సిరంజితో గోరువెచ్చని నీళ్లు కొడుతూ ఉంటే పావుగంటకు కరిగింది. మరిగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ పగులుతుంది. కత్తితో పొడిస్తే కాయిల్‌కి చిల్లు పడుతుంది, అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది!

అసలు దోషి మాత్రం కింద దొరికింది. ఫ్రిజ్ వెనక కంప్రెసర్ దగ్గర, ఆ రంధ్రం నుంచి కిందికి వచ్చే పైపు చివరన రబ్బరు మూతి ఉంటుంది. అందులో నల్లటి జిగురు. అది తీసి కడగకపోతే పైన ఎంత కరిగించినా మళ్లీ నీళ్లు నిలిచి గడ్డకడతాయి.

బిగించే ముందు తొట్టిలో ఒక గ్లాసు నీళ్లు పోసి చూడండి, వెంటనే కంప్రెసర్ మీది ట్రేలోకి రావాలి. రెండు వారాలైంది, కూరగాయల ట్రే కింద పొడిగానే ఉంది.