నాలుగేళ్ల పిల్లకు వేపచెట్టు కింద చదువా, ఎల్‌కేజీ పుస్తకాలా?

పాలమూరు నాన్న:
మా పాపకు జూన్‌లో నాలుగేళ్లు నిండుతాయి. దగ్గర్లోని అంగన్‌వాడీకి పంపుదామని మా ఆవిడ పట్టు, అక్కడ టీచర్ పిల్లల్ని వేపచెట్టు కింద కూర్చోబెట్టి ఆకులూ గింజలతో నేర్పిస్తుందట. పక్కింటి బాబు ఎల్‌కేజీలోనే ఏబీసీడీలు గడగడా చదువుతుంటే నాకేమో టెన్షన్. మట్టిలో ఆడితే చదువెట్లా వస్తుంది? ఆడుకోవడానికి ఇల్లు లేదా?

దేవరకొండ టీచర్:
అన్నా, ఎట్లా వస్తుందో చెప్తా. మొన్న వానలకు ఆరుద్ర పురుగులు బయటికొచ్చాయి. ఒక పిల్ల ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుంటే అది కాళ్లు ముడుచుకుని ఎర్రటి పూసలా అయిపోయింది. "పడుకుంది" అంది ఒకరు, "సిగ్గేసింది" అంది ఇంకొకరు, కదలకుండా చూస్తూ ఉంటే మళ్లీ నడిచింది. ఎన్ని కాళ్లు, ఎటు పోతోంది, వాన పోతే ఎక్కడుంటుంది, ఇవన్నీ వాళ్లే అడిగారు. మామూలుగా నోరు విప్పని పిల్ల కూడా మాట్లాడింది. పుస్తకంలో బొమ్మ చూపించి 'ఇది పురుగు' అంటే ఇంత జరగదు కదా. అక్షరాలు ఎక్కడికీ పోవు, 2020 విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశ అంది, ఆటలతో నేర్పమంది. జర్మనీలో కిండర్‌గార్టెన్ బడులు మొదలుపెట్టిన ఫ్రోబెల్ దగ్గర అయితే పిల్లలకు తలా ఒక చిన్న మొక్కల మడి ఇచ్చేవారు, అదీ పంతొమ్మిదో శతాబ్దంలో!

మిర్యాలగూడ అత్తమ్మ:
జర్మనీ ఎండ వేరు, మన నల్లగొండ ఎండ వేరు తల్లీ. మార్చి దాటితే చెట్టు కింద కూడా సెగే. ప్రహరీ లేని సెంటర్లో తేళ్లూ పాములూ ఎవరు చూస్తారు? జిల్లేడు పాలు కంట్లో పడితే ఎంత ప్రమాదమో తెలుసా? ఇంకోమాట, కూలికి పోయేవాళ్ల పిల్లలకు మట్టి, డబ్బున్నవాళ్ల పిల్లలకు ఇంగ్లీషా? మాకు అదే మంట.

దేవరకొండ టీచర్:
అత్తమ్మా, జిల్లేడు సంగతి నూటికి నూరుపాళ్లు నిజం, గన్నేరు కూడా అంతే, ఆవరణలో ఉంటే ముందు పీకేయాలి. చింతగింజలు చిన్నవాళ్లు ముక్కులో పెట్టుకుంటారు, అందుకే వాళ్లకు మొక్కజొన్న బెండ్లు, తాటి బుర్రలే ఇస్తాం. ఎండాకాలం పొద్దున్నే కాసేపు బయట, తర్వాత లోపల. బోరు నీళ్లు మాత్రం తాగనివ్వను, ఫ్లోరైడ్ జిల్లాలో ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఇంగ్లీషు మాట వేరు. ఆకు పట్టుకుని తెలుగులో నాలుగు ముక్కలు చెప్పగలిగిన పిల్లకు ఇంగ్లీషు అడ్డం కాదు. హైదరాబాద్‌లో ఇదే మట్టికి ఫీజు కడుతున్నారు, మనకే నామోషీ.

నాన్నగారూ, ఒక్క పని చేయండి. చెట్టు ఉందా లేదా అని చూడకండి. టీచర్ పిల్లలతో మాట్లాడుతోందా, లేక చెట్టు కింద కూర్చోబెట్టి ఫోన్ చూసుకుంటోందా అన్నది చూడండి. రెండోది అయితే ఎల్‌కేజీయే మేలు, నిజంగా చెప్తున్నా.

పాలమూరు నాన్న:
పొద్దున తొమ్మిదింటికి చెప్పకుండా వెళ్లి చూస్తా. ఆయా ఉందా అన్నది కూడా అడగాలి, ఒక్కరే అంతమందిని బయట ఎట్లా చూస్తారు?

మిర్యాలగూడ అత్తమ్మ:
ఆ ప్రశ్న మంచిది. ప్రహరీ ఎప్పుడు కడతారో కూడా అడుగు నాయనా, నేనైతే అప్పటిదాకా ఒప్పుకోను.