చర్చ: 30 అడుగుల రోడ్డులో ప్రైవేటు స్కూలు. ఏ కాగితాలు అడగాలి, ఎవరిని అడగాలి? (బెంగళూరు)

మూడోక్రాస్
మా లేఔట్ అవుటర్ రింగ్ రోడ్డుకి కాస్త అవతల. రోడ్డు 30 అడుగులు. పక్కపక్కనున్న రెండు 40×60 సైట్లు కలిపి స్టిల్ట్ (కింద పార్కింగుకి వదిలిన స్తంభాల అంతస్తు) మీద మూడంతస్తులు లేపారు. ఇళ్లకనే ప్లాన్ తీసుకున్నారని విన్నాం. ఇప్పుడు గేటుకి అడ్మిషన్ల బ్యానర్ కట్టారు, నర్సరీ నుంచి ఐదు దాకా. అసోసియేషన్ తరఫున సంతకాలు సేకరిస్తున్నాం. అర్జీ ఎవరికివ్వాలి, అందులో ఏం రాయాలి? పిల్లల చదువుకి మేం అడ్డం కాదు. ఆ బిల్డింగులో, ఆ రోడ్డులో స్కూలు వద్దంటున్నాం.

ప్లాన్‌కాపీ
సంతకాలు తర్వాత, ముందు కాగితాలు అండీ. "ట్రాఫిక్ పెరుగుతుంది, ప్రశాంతత పోతుంది" అని రెండొందల మంది సంతకం పెట్టిన అర్జీని ఆఫీసులో ఫైల్లో పెట్టి ఊరుకుంటారు. "ఫలానా నంబరు ప్లాన్ నివాసానికి ఇచ్చారు, ఇప్పుడు వాడకం స్కూలు" అని ఒక్కరు రాసినా దానికి జవాబు చెప్పక తప్పదు.

మొదట జోన్ చూడండి. 2031 మాస్టర్ ప్లాన్ ముసాయిదాని వెనక్కి తీసుకున్నారు కాబట్టి ఇప్పటికీ నడుస్తున్నది ఆర్‌ఎంపీ 2015 (సవరించిన మాస్టర్ ప్లాన్). బీడీఏ (బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ) వెబ్‌సైట్‌లో ప్లానింగ్ డిస్ట్రిక్ట్ మ్యాపులున్నాయి. మీ సర్వే నంబరు ఏ రంగులో పడిందో, నివాసంలోనా మిక్స్‌డ్‌లోనా చూసుకుని, జోనింగ్ నిబంధనల పుస్తకంలో ఆ జోన్‌కి ఏ వాడకాలు, ఎంత రోడ్డు వెడల్పు మీద ఒప్పుకుంటారో ఆ పట్టిక తీయండి. రోడ్డు వెడల్పు అంటే తారు వెడల్పు కాదు, ఈ కాంపౌండ్ గీత నుంచి ఆ కాంపౌండ్ గీత దాకా. దీన్ని టేపు పెట్టి మూడు నాలుగు చోట్ల కొలిచి ఫొటో తీయండి. లేఔట్ ప్లాన్‌లో 30 అని ఉండి నేల మీద 26 ఉన్న క్రాసులు చాలా ఉన్నాయి.

తర్వాత మంజూరైన ప్లాన్ కాపీ, ఓసీ (కట్టడం పూర్తయ్యాక వాడుకోవచ్చని ఇచ్చే పత్రం). వాటి మీద "నివాసం" అని ఉంటే మీ కేసులో సగం బలం అదే. రెండు సైట్లు కలిపారన్నారు కదా, అమాల్గమేషన్ ఉత్తర్వు, అంటే రెండు సైట్లనీ ఒకటిగా కలిపిన ఆదేశం, ఉందా? చాలా చోట్ల ఆ ఉత్తర్వు లేకుండా రెండు ప్లాన్లు విడివిడిగా తీసుకుని, మధ్య గోడ కట్టకుండా ఒకే బిల్డింగు లేపుతారు. అప్పుడు మధ్యలో వదలాల్సిన ఖాళీ (సెట్‌బ్యాక్) మొత్తం మాయమైనట్టే.

రెవెన్యూసైటు
దీనికొకటి కలపాలి. అది బీడీఏ లేఔటా, రెవెన్యూ భూమిలో వేసిన లేఔటా? రెవెన్యూ అయితే డీసీ కన్వర్షన్ ఉత్తర్వు, అంటే వ్యవసాయ భూమిని వేరే పనికి మారుస్తూ డిప్యూటీ కమిషనర్ ఇచ్చే ఆదేశం, చూడండి. కర్ణాటక ల్యాండ్ రెవెన్యూ చట్టం 1964, సెక్షన్ 95 కింద ఇచ్చే ఆ ఉత్తర్వులో ఏ పనికోసం మార్చారో రాసి ఉంటుంది. బీడీఏ సైటైతే సేల్ డీడ్ షరతుల్లో ఇల్లు కట్టుకోవడానికే అన్న మాట ఉంటుంది. ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్‌లో తీసుకుని, అందులోని డాక్యుమెంటు నంబరు పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ దగ్గర సర్టిఫైడ్ కాపీకి వేయండి. దీనికి ఆర్టీఐ అక్కర్లేదు.

మూడోక్రాస్
ఆర్టీఐ వేస్తే ప్లాన్ ఇస్తారా? థర్డ్ పార్టీ, అంటే వేరొకరి సమాచారం, అని తిప్పి పంపుతారంటున్నారు.

ప్లాన్‌కాపీ
తిప్పి పంపేది ఎక్కువగా అర్జీ రాసిన తీరు వల్లే. కర్ణాటక నిబంధనల ప్రకారం ఒక ఆర్టీఐలో ఒకే విషయం ఉండాలి, అదీ 150 మాటలు దాటకూడదు. ప్లాన్, ఫైర్, విద్యాశాఖ అన్నీ ఒకే కాగితంలో కుక్కితే అదే సాకు అవుతుంది. ఒక్కో ఆఫీసుకి ఒక్కో అర్జీ, 10 రూపాయల పోస్టల్ ఆర్డరు, కన్నడలో రాయండి. "ఎందుకు అనుమతించారు" అని అడగొద్దు, దానికి జవాబు ఇవ్వక్కర్లేదు. "ఫలానా సైట్ల మంజూరు ప్లాన్, ఓసీ, అమాల్గమేషన్ ఉత్తర్వు నకళ్లు ఇవ్వండి" అని దస్తావేజు పేరు పెట్టి అడగండి.

థర్డ్ పార్టీ అన్నా అక్కడితో తలుపు మూసుకున్నట్టు కాదు. సెక్షన్ 11 ప్రకారం వాళ్లు 5 రోజుల్లో ఆ యజమానికి నోటీసు ఇవ్వాలి, ఆయన 10 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు, నిర్ణయం మాత్రం 40 రోజుల్లోపు అధికారిదే. ఒప్పుకోకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు. ఇంకోటి, 2025 సెప్టెంబరు నుంచి బీబీఎంపీ (పాత నగర పాలక సంస్థ) స్థానంలో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మీ వార్డు దేనికిందకి వెళ్లిందో చూసుకుని అడ్రసు రాయండి. పాత అడ్రసుకి పంపితే అది చేతులు మారేసరికి మీ రోజులు పోతాయి.

బీఈఓగుమ్మం
అందరూ కార్పొరేషన్ చుట్టూ తిరిగి విద్యాశాఖని మర్చిపోతారు. నా లెక్కలో అసలు తాళం ఇక్కడే ఉంది. కర్ణాటక విద్యా చట్టం 1983లో సెక్షన్ 31 కింద రిజిస్ట్రేషన్, 36 కింద గుర్తింపు. దాని మీద ఆర్టీఈ (విద్యాహక్కు) చట్టం 2009 సెక్షన్ 18: గుర్తింపు పత్రం లేకుండా ఏ స్కూలూ పెట్టకూడదు, నడపకూడదు. ఉల్లంఘిస్తే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత కూడా నడిపితే రోజుకి 10 వేల దాకా. సెక్షన్ 19, షెడ్యూలు ప్రకారం ఆటస్థలం, ప్రహరీ, మగపిల్లలకి ఆడపిల్లలకి వేరువేరు మరుగుదొడ్లు, టీచరుకొక గది, అడ్డంకుల్లేని దారి ఉండాలి. రెండు 40×60లు అంచుల దాకా కట్టేశాక ఆటస్థలం ఎక్కడుంది? ఈ ప్రశ్నని బీఈఓకి (బ్లాకు విద్యాధికారి), నకలు డీడీపీఐకి (జిల్లా స్థాయి విద్యాధికారి) రాసి, అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఇవ్వనట్టే.

బ్యానర్ మీద "సీబీఎస్‌ఈ ప్యాటర్న్" అని ఉంటే అది అఫిలియేషన్ (బోర్డు ఇచ్చే అనుబంధం) కాదు. సీబీఎస్‌ఈ స్కూళ్లు బిల్డింగ్ సేఫ్టీ, ఫైర్ సేఫ్టీ, నీరు-పారిశుధ్యం సర్టిఫికెట్లు తమ వెబ్‌సైట్లో అందరికీ కనబడేలా పెట్టాలి. అదే సంస్థకి వేరే బ్రాంచి ఉంటే ఆ పేజీ చూసి అడ్రసు పోల్చండి. ఒక బ్రాంచి కాగితాల మీద ఇంకో బ్రాంచిలో పిల్లల్ని చేర్చుకోవడం జరుగుతుంటుంది. యూడైస్ కోడ్ (ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే నంబరు) 11 అంకెలు, కర్ణాటకవి 29తో మొదలవుతాయి. అదీ అడగండి.

అన్నిటికన్నా ముఖ్యం సమయం. ఇక్కడ బడులు మే ఆఖరు, జూన్ మొదట్లో తెరుస్తారు. తరగతులు మొదలయ్యాక ఎవరైనా సరే, పిల్లల్ని నడిమధ్యలో రోడ్డున పడేయలేమనే అంటారు, అది న్యాయమే కూడా. ఏం చేసినా అడ్మిషన్లు నిండకముందే చేయాలి. బ్యానర్ పడ్డ వారంలోనే మొదటి ఉత్తరం వెళ్లాలి.

ఇద్దరుబిడ్డలఅమ్మ
ఒక మాట అడుగుతాను. ఆర్టీఈ మోడల్ రూల్స్‌లో ఒకటి నుంచి ఐదు తరగతుల బడి కిలోమీటరు లోపు నడిచి వెళ్లే దూరంలో ఉండాలని ఉంది. ఇళ్ల మధ్య బడి వద్దంటే ఐదేళ్ల పిల్లలు గంటసేపు బస్సులో కూర్చోవాలి. లేఔట్‌లో పీజీలు, క్లౌడ్ కిచెన్లు నడుస్తుంటే నోరు మెదపని అసోసియేషన్లు బడి అనగానే లేస్తాయి. మీ లేఔట్‌లో అవి లేవా?

మూడోక్రాస్
ఉన్నాయి అమ్మా. పీజీలు నాలుగున్నాయి.

రెవెన్యూసైటు
ఆవిడ అడిగింది అవతలి లాయరు కూడా మొదట అడిగేదే. "ఇన్ని వాణిజ్య వాడకాలుండగా మమ్మల్నొక్కరినే పట్టుకున్నారు" అంటారు. కాబట్టి అర్జీలో మీరే ఆ పీజీలనీ పేర్కొని, అన్నిటి మీదా ఒకేలా చర్య కోరండి. ఇష్టం లేకపోయినా తప్పదు.

బడి ఇళ్ల దగ్గర ఉండాలన్నది నిజం. దానికోసమే లేఔట్‌లో సీఏ సైట్లు (ప్రజా సౌకర్యాలకని ఉంచే జాగాలు) వదులుతారు. 1989 నిబంధనల కింద బీడీఏ వాటిని 30 ఏళ్ల లీజుకిస్తుంది, స్కూలు అందులో మొదటి వరస వాడకం. మీ లేఔట్‌లో ఖాళీ సీఏ సైటుంటే "ఇక్కడ వద్దు, అక్కడ పెట్టండి" అని బీడీఏకి ఇంకో అర్జీ పెట్టండి. మీ మీద బడి వ్యతిరేకులన్న ముద్ర పడదు, మీ లేఔట్‌కి బడీ వస్తుంది. పార్కు జాగాలో పెడతామంటే మాత్రం ఒప్పుకోవద్దు. బీడీఏ చట్టం 38-ఎ దానికి అడ్డం.

ఫైర్‌మెట్లు
నాకు ట్రాఫిక్ కన్నా మెట్లు ముఖ్యం. 2004 జులై 16న కుంభకోణం బడిలో మంటలకి 94 మంది పిల్లలు పోయారు. ఆ ఘటన తర్వాత వేసిన కేసులోనే సుప్రీంకోర్టు 2009లో దేశంలోని స్కూళ్లన్నీ నేషనల్ బిల్డింగ్ కోడ్ భద్రతా నియమాలు పాటించాలని చెప్పింది. కోడ్‌లో స్కూలు మెట్ల వెడల్పు కనీసం 1.5 మీటర్లు, అంటే దాదాపు 5 అడుగులు. ఇళ్లకని కట్టిన బిల్డింగులో మెట్లు మూడు, మూడున్నర అడుగులుంటాయి, అదీ ఒకటే దారి. అంతస్తుకి నాలుగు గదులు, గదికి 30 మంది అనుకుంటే మూడంతస్తుల నుంచి 360 మంది ఆ ఒక్క సందులోంచి దిగాలి. ముందు వెళ్లే పాప జారితే వెనకవాళ్లందరూ ఆమె మీదే పడతారు. కిటికీలకి ఇనుప గ్రిల్లులు బిగించి ఉంటాయి, నిచ్చెన వేసినా బయటికి తీయలేరు. స్టిల్ట్‌లో డీజిల్ జనరేటరు, కరెంటు ప్యానెల్, మెట్ల మొదలు మూడూ ఒక్కచోటే ఉంటే పొగ నేరుగా మెట్లలోకే ఎక్కుతుంది.

మంజూరు ప్లాన్ చేతికొస్తే మెట్ల కొలత అందులోనే రాసి ఉంటుంది. దాన్ని ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి అగ్నిమాపక శాఖకి, బీఈఓకి పంపండి. లోపల చేరబోయేది ఎవరి పిల్లలైనా పిల్లలే. అడ్మిషన్‌కి వచ్చే తల్లిదండ్రులకీ ఈ ఒక్క కొలత చెప్పండి.

బస్సురూటు
ట్రాఫిక్ మీద మాటలొద్దు, లెక్క ఇవ్వండి. 30 అడుగులంటే సుమారు 9 మీటర్లు. డ్రైన్లు, ర్యాంపులు పోగా తారు 6 మీటర్లు మిగులుతుంది. ఒక పక్క కారు ఆపితే 4.2. స్కూలు బస్సు వెడల్పు రెండున్నర, ఎదురుగా ఇంకో బస్సొస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి.

కార్ల లెక్క: 360 మందిలో 100 మంది కార్లలో వస్తారనుకోండి. గేటు ముందు ఒకేసారి 3 కార్లు ఆగగలవు, ఒక్కోదానికి నిమిషం. ఇరవై నిమిషాల్లో 60 దిగిపోతాయి, మిగతా 40 కార్లు ఒక్కోటి 6 మీటర్ల చొప్పున 240 మీటర్ల వరస. మీ క్రాసు పొడవెంత? వరస మెయిన్ రోడ్డు మీదికి వస్తుందంటే ట్రాఫిక్ పోలీసులు వింటారు, క్రాసులోనే ఉంటే అంతగా పట్టించుకోరు. స్కూలు తెరవకముందే పొద్దున 7:45 నుంచి 9 దాకా, మధ్యాహ్నం 2:45 నుంచి 4:15 దాకా పావుగంటకోసారి బండ్లు లెక్కపెట్టి రిజిస్టరులో రాయండి. ముందటి లెక్క లేకపోతే తర్వాత పెరిగిందని నిరూపించలేరు.

నీళ్లు కూడా లెక్కలో చేర్చండి. డే స్కూలుకి కోడ్ ప్రకారం తలకి రోజుకి 45 లీటర్లు. 360 మందికి 16,200 లీటర్లు, అంటే 6,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు మూడు, అవీ అదే క్రాసులోంచి.

మూడోక్రాస్
కోర్టుకి వెళ్లాల్సి వస్తే? అసోసియేషన్ పేరున వేయాలా?

రెవెన్యూసైటు
అసోసియేషన్ రిజిస్టరై, ఆ ఏడు దాకా లెక్కలు దాఖలు చేసి, తీర్మానం రాసి ఉంటేనే. లేకపోతే పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు ఇద్దరు ముగ్గురు సొంత పేర్ల మీద హైకోర్టులో రిట్ వేయడం మేలు. మీకు అడిగే హక్కు లేదంటే మన బెంగళూరు కేసే ఉంది. రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు జాగాని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి ఇచ్చినప్పుడు నివాసులు వేసిన కేసు, బెంగళూరు మెడికల్ ట్రస్ట్ వర్సెస్ ముద్దప్ప. 1991లో సుప్రీంకోర్టు నివాసుల పక్షానే తీర్పిచ్చింది.

కార్పొరేషన్ నోటీసు ఇచ్చిన మర్నాడే అవతలివాళ్లు స్టేకి పరిగెత్తుతారు. దానికి ముందే కేవియట్ వేసి ఉంచితే మిమ్మల్ని వినకుండా ఉత్తర్వు రావడం కష్టం. అది 90 రోజులే పనిచేస్తుంది, మళ్లీ వేయాలి. ల్యాండ్ యూజ్ మార్పుకి దరఖాస్తు చేశారేమో కూడా కనిపెట్టి ఉండండి. టౌన్ ప్లానింగ్ చట్టం 14-ఎ కింద పత్రికలో ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు పిలవాలి, ఆ గడువు చిన్నది. ఎవరో ఒకరు రోజూ కన్నడ పేపర్ల ప్రకటనల పేజీ చూడాలి.

గేటు ముందు బైఠాయించడం, బస్సు ఆపడం చేయకండి. అక్రమంగా అడ్డగించారని కేసు పెడతారు, బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 126. అక్కడి నుంచి మీరు ముద్దాయిలు, వాళ్లు బాధితులు. పిల్లల మొహాలు కనబడేలా వీడియోలు తీసి గ్రూపుల్లో పెట్టడం అంతకన్నా తప్పు.

బీఈఓగుమ్మం
కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయని తేలితే షరతుల మీద కూర్చోండి. బస్సులు మెయిన్ రోడ్డు మీదే ఆగాలి, అక్కడి నుంచి ఆయాలు నడిపించుకుని రావాలి. తరగతుల సమయాలు పావుగంట తేడాతో. గదికి ఇంతమందే అని హద్దు. ఐదు తర్వాత ఆరు, ఏడు పెంచకూడదు. ఇది నోటిమాటగా వద్దు, సంతకంతో రాయించి గుర్తింపు ఫైల్లో చేర్చమని బీఈఓకి ఇవ్వండి. మొదటి గుర్తింపు రెన్యువల్‌కి వచ్చినప్పుడు ఆ కాగితమే పనికొస్తుంది.

మూడోక్రాస్
ఈసీకి ఈ రోజే వేస్తున్నాం, రేపు టేపు పట్టుకుని రోడ్డు కొలుస్తాం. చివరగా, అద్దెకున్నవాళ్ల సంతకాలు చెల్లుతాయా?

ప్లాన్‌కాపీ
చెల్లుతాయండీ, రోడ్డు వాళ్లదీ. ఓనర్ల జాబితా, అద్దెవాళ్ల జాబితా వేరువేరు పేజీల్లో పెట్టండి. ఇంటి నంబరు, పేరు, తేదీ, సంతకం చాలు, ఫోన్ నంబర్లు రాయొద్దు, ఆ కాగితం ఎవరి చేతికైనా వెళ్తుంది. ప్రతి పేజీ పైన అర్జీ విషయం ఒక లైను రాసి ఉండాలి. ఖాళీ కాగితం మీద సంతకాలు తీసుకుని తర్వాత వెనక కుట్టారని అవతలివాళ్లు అనకుండా ఉంటుంది.