షాటో మార్గో చూసొచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

సెప్టెంబర్‌లో ఫ్రాన్స్‌లోని బోర్దో వెళ్తున్నాం అండి, నాకేమో అక్కడి పేరున్న వైన్ ఎస్టేట్ షాటో మార్గో చూడాలని పిచ్చి (తాగేది తక్కువే లెండి, చరిత్ర పిచ్చి). 1855లో బోర్దో వైన్‌లకి ఇచ్చిన ర్యాంకింగ్‌లో టాప్‌లో పెట్టిన నాలుగింటిలో ఇదొకటి, అలాంటిది 1970ల్లో వైన్ రేట్లు పడిపోయి అప్పటి ఓనర్లు జినెస్టే ఫ్యామిలీ అమ్ముకోవాల్సొచ్చింది. 1977లో కొన్నదెవరంటే గ్రీస్‌లో పుట్టిన కిరాణా షాపుల వ్యాపారి, ఆంద్రే మెంట్‌జెలోపులోస్! డ్రైనేజీ, కొత్త ద్రాక్ష తీగలు, కొత్త ఓక్ పీపాలు, సలహాకి వైన్ నిపుణుడు ఎమీల్ పేనో, డబ్బు కుమ్మరించాడు, 1978 పంట వైన్‌తోనే పేరు తిరిగొచ్చేసింది, కానీ 1980లో ఆయన పోయారు, 27 ఏళ్ల కూతురు కొరీన్ మొత్తం భుజానేసుకుంది.

నా డౌట్ ఏంటంటే, కొత్తగా నాటిన తీగ మంచి వైన్ ఇవ్వాలంటే ఏళ్లు పడుతుంది కదా, మరి 1978 అంత బాగా రావడం వాతావరణం పుణ్యమా, సెల్లార్‌లో చేసిన పనా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

ఇంకోటి, ద్రాక్ష కోత టైమ్‌లో మనలాంటి మామూలోళ్లని లోపలికి రానిస్తారా, ఎన్ని రోజుల ముందు అడగాలి? మా అత్తయ్యగారు కూడా వస్తున్నారు, ఆవిడకి వైన్ వాసనే పడదు, ఎస్టేట్‌లోని స్తంభాల బిల్డింగ్ ముందు ఒక ఫోటో పడితే చాలు.